రాశి అడుగు

నా వెనకాల పిల్లకాయలు నాకు "సున్న సారు" అని పేరు పెట్టినారు. పెట్టుకోనీ. ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పినోనికి ఇంతకన్నా సరైన పేరు యాడ దొరుకుతాది? ఏటేటా జూన్‌లో బడి తెరిచిన రోజు, కొత్త తరగతిలోకి పోయి బోర్డు మీద నేను వేసే మొదటి లెక్క ఒకటే. నూట నలభై నాలుగును పన్నెండుతో భాగించండి. పన్నెండు వస్తాది, శేషం సున్న. "ఏమీ మిగల్లేదు సార్" అని ఒక్కొక్కరే లేచి నోరారా చెప్పేదాకా రెండో లెక్క వెయ్యను. గంట కొట్టినా సరే. ఒక హెడ్మాస్టరు "ఇదేం పిచ్చి ఓబులేసూ, ఇది చిన్న పిల్లోళ్ళ లెక్క గదప్పా" అన్నాడు. పిచ్చే. కాదని ఎవురన్నారు? ఆ పిచ్చి యాడ పట్టుకుందో చెప్తా వినండి. మధ్యలో అడ్డం మాత్రం రావద్దండి, నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది.

అది యాభై ఐదో సంవత్సరం. కర్నూలు అప్పుడు రాజధాని. యాడ చూసినా గుడారాలే. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. మాది కడప జిల్లా, ముద్దనూరు పక్క పల్లె. కర్నూల్లో ఇంటర్ మొదటి సంవత్సరం అప్పుడే అయిపోయింది, లెక్కల గ్రూపు. మా లెక్కల లెక్చరర్ అయ్యన్న సారు సెలవులు ఇచ్చే ముందర తరగతిలో ఒక మాట అడిగినాడు. "మీలో బడిపంతులు కావాలనుకునేటోళ్ళు ఎంతమందిరా?" నలుగురం చేతులెత్తినాం. అందరికన్నా ముందు ఎత్తింది నేనే.

"నోటితో అంటే సరిపోదప్పా," అన్నాడు ఆయప్ప. "ఈ ఎండాకాలం ఆరు వారాలు తలా ఒక పల్లెకు పోండి. ఆ పిల్లోళ్ళకు లెక్కలు, సైన్సు చెప్పి చూడండి. మన వల్ల కాదనిపిస్తే చెప్పండి, ఎవురూ ఏమీ అనరు, వేరే దోవ చూసుకుందురు. డాక్టరు తప్పు చేస్తే ఒకడు పోతాడు. పంతులు తప్పు చేస్తే ఎంతమంది పోతారో వానికే తెలీదు."

ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినా. లెక్కల్లో నాకు తొంభై ఏడు వచ్చిండాయి. తొంభై ఏడొచ్చినోనికి పల్లె పిల్లోళ్ళకు భాగహారం చెప్పేది ఒక లెక్కా అనుకున్నా. పందొమ్మిదేండ్లు నాకు. ఆ వయసులో మనిషికి కండ్లు నెత్తిన ఉంటాయి.

నాకు పడింది కోడుమూరుకు ఆరు మైళ్ళల్లో ఒక పల్లె. హంద్రీ దాటి పోవల్ల. దాటేదేముంది, ఎండాకాలం దాంట్లో ఇసుక తప్ప నీళ్ళు యాడివి? ఆ ఊరి పంతులు సుబ్బయ్య బడి తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎండాకాలం బడి పెడ్తావా అప్పా? పెట్టు పెట్టు. పిల్లోళ్ళొస్తే నాకొక జాబు రాయి, వచ్చి చూసిపోతా" అని ఎగతాళి చేసి, మంత్రాలయం పక్క తన ఊరికి బండి కట్టించుకోని పోయినాడు.

పిల్లోళ్ళొచ్చినారు. పద్నాలుగు మంది. అందరికీ కలిపి పలకలు ఐదు. మొదటి వారమంతా భాగహారంతో తల పగలగొట్టుకున్నా. ఇది భాజ్యం, ఇది భాజకం, ఇది శేషం అని గొంతు పోయేటట్లు అరిచినా. వాళ్ళు గోడను చూసినట్లు నన్ను చూస్తా కూర్చుండ్రి. ముందు వరసలో హులిగెమ్మ అని ఒక పాప. పదేండ్లుంటాయి. సన్నగా, నల్లగా, కండ్లు మాత్రం నా మీది నుంచి తిప్పేది కాదు. ఆ పాప ఒకరోజు చెయ్యెత్తి, "అయ్యవారూ, పంచినాక మిగిలింది అట్లనే పెడ్తే ఎవురికి? దాన్నెందుకు మిగిలిస్తారు?" అనింది. నాకు కోపమొచ్చి "కూచోమ్మే, ఎదురు మాట్లాడొద్దు" అన్నా. కూచుంది. దానికి జవాబు నాకు తెలీక కసిరినా. ఇప్పుడు సిగ్గు లేకుండా ఒప్పుకుంటాండా.

నేను తినేదీ పడుకునేదీ లక్ష్మీదేవమ్మ ఇంట్లో. ఆ ఊర్లో పొలం ఎక్కువుండే ఇల్లు ఆమెదే. మగదిక్కు లేకపోయినా సేద్యమంతా తానే చూస్తా ఉండె. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. రొట్టె మీద గోంగూర ఊరిబిండి వేస్తా, "ఏమప్పా కడప అయ్యవారూ, మా పిల్లోళ్ళు నీకు సదువు చెప్తాండారంట గదా" అని నవ్వె. ఆ నవ్వుకు ఒళ్ళు మండి, అప్పటికప్పుడు ఒకటి తట్టింది. ఈ పిల్లోళ్ళు కళ్ళంలో పుట్టి పెరిగినోళ్ళు. శేరుతో జొన్నలు కొలిచేది చూడని పిల్ల లేదు. గింజలతోనే చెప్తే?

"అమ్మా, ఒక సంచి జొన్నలు ఇస్తావా? తినేకి కాదు, కొలిచేకి. సాయంత్రం మళ్ళా నీ సంచిలోనే పోస్తా" అన్నా.

ఆమె చేతిలోని రొట్టె కింద పెట్టింది. "ఇస్తా. కానీ నా గింజలు, నా పద్ధతి. మొదటి శేరును ఒకటి అనగూడదు, లాభం అనల్ల. అడుగు తుడవగూడదు. ఎంత కొలిచినా రాశి అడుగున కొన్ని గింజలు నేల మీద ఉండల్ల. అది పొలి, భూమితల్లి భాగం. మొన్న మూడేండ్ల కింద కరువొచ్చి గంజికేంద్రం కాడ ఊరు ఊరంతా చెంబులు పట్టుకోని నిలబడింది సూడు, అప్పుడు గూడా మా ఇంట్లో అడుగు తుడవలే. మా అత్త తుడవలే, నేను తుడవలే. నీ సదువు కోసరం తుడుస్తానా?"

"అట్లనేమ్మా" అన్నా. ఇంత చిన్న మాటకు ఏముంది అనుకున్నా.

చూడండి ఇంక మరుసటిరోజు నుంచి! బడి ముందర గోనెపట్టా పరిచి రాశి పోసినాం. "లాభం, రెండు, మూడు" అని పిల్లోళ్ళు గొంతెత్తి కొలుస్తాంటే దోవన పోయేటోళ్ళు గూడా నిలబడి చూస్తా ఉండ్రి. యాభై శేర్ల రాశి. సంచికి ఎనిమిది. ఆరు సంచులు నిండినాయి, రెండు శేర్లు నేల మీద. "ఇదేంరా?" అన్నా. "పొలి!" అని పద్నాలుగు మందీ ఒకేసారి అరిచినారు. "దీన్నే లెక్కల్లో శేషం అంటారు" అన్నా. అంతే. వారం రోజులు గొంతు చించుకున్నా తలకెక్కనిది ఒక్క మాటతో ఎక్కింది. హులిగెమ్మ నన్ను చూసి నవ్వింది. మిగిలింది ఎవురికని అడిగింది గదా, ఆ పాపకు జవాబు దొరికింది. నా సంతోషం ఏం చెప్పల్ల! ఆ పూట ఒక రొట్టె ఎక్కువ తిన్నా.

ఇంక నాలుగు రోజులకు వచ్చింది అసలు సంగతి. నలభై ఎనిమిది శేర్లు, సంచికి ఆరు అని నోటికొచ్చిన అంకె చెప్పేసినా. పిల్లోళ్ళు ఏడు సంచులు నింపినారు. ఎనిమిదో సంచి పట్టినారు. అరుగు మీద కూర్చోని చూస్తాండే లక్ష్మీదేవమ్మ ఒక్క కేక పెట్టింది. "ఒరే ఆగండ్రా! అడుగు తుడుస్తాండారు!" పిల్లోళ్ళు శేరు కింద పడేసినారు. ఆమె లేచి వచ్చి గోనెపట్టా కాడ నిలబడింది. కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండాయి, కోపంతోనో భయంతోనో. "ఏమప్పా, నాకిచ్చిన మాట ఇదేనా? సంచి కట్టు, ఇంటికి తీసుకపోతా" అనింది.

గింజలు పోతే నా బడి పోతాది. ఆ ఆలోచనే ఉండె నాకు అప్పుడు. "లేదమ్మా, లేదు. ఒరే, ఏడు సంచులు. ఆరు శేర్లు పొలి. సరిపాయె గదా" అన్నా.

"అట్లయితే సరి" అని ఆమె పోయి కూచుంది. "ఏడు, శేషం ఆరు" అని పిల్లోళ్ళు పలకల మీద రాసుకున్నారు. హులిగెమ్మ రాసుకుంది. నేను చూసినా. రేపు పలక మీద చెప్పేటప్పుడు, అంకెల్లో అయితే పూర్తిగా పంచొచ్చు, సున్న మిగలొచ్చు అని చెప్పల్ల అనుకున్నా. రేపయింది, ఎల్లుండయింది. చెప్తే "మరి ఆరోజు పొలి అన్నావే అయ్యవారూ" అని అడుగుతారు, మళ్ళా లక్ష్మీదేవమ్మ దాకా పోతాది. ఎందుకొచ్చిన గొడవ అని, మిగిలే లెక్కలే వేస్తా పోయినా. పలక మీద గూడా మిగిలేవే. చెప్పల్ల చెప్పల్ల అనుకుంటానే ఉంటి.

నాలుగో వారంలో అయ్యన్న సారు చూసిపోయేకి వచ్చినాడు. కోడుమూరు దాకా బస్సు, ఆడి నుంచి ఎద్దుల బండి. గొడుగేసుకోని చెట్టు కింద కూర్చోని గంటసేపు చూసినాడు. హులిగెమ్మను పిలిచి, "పాపా, శేషం అంటే ఏమి?" అన్నాడు. "పొలి సార్. ఎంత పంచినా రాశి అడుగున ఉండేది" అనింది తడుముకోకుండా. ఆయప్ప నా వీపు మీద చరిచి, "ఓబులేసూ, ఇరవై ఏండ్ల నుంచి చెప్తాండా, నాకు తట్టలేదురా ఇది" అన్నాడు. దాంట్లో తప్పు ఆయన గూడా కనిపెట్టలే. ఇరవై ఏండ్ల లెక్చరర్ కనిపెట్టలేదంటే నేనెంత అని తర్వాత శానా తూర్లు సమాధానం చెప్పుకోని చూసినా. కుదరలే.

పోయేముందర సారు ఒక కాగితం ఇచ్చినాడు. కర్నూల్లో ఆడపిల్లలకు కొత్తగా ఒక హాస్టలు బడి పెడ్తాండారు. తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. కోడుమూరు పక్క పల్లెలన్నిటికీ కలిపి ఒక్క సీటు. పదేండ్లు దాటగూడదు. పది రోజుల్లో కోడుమూరులో నోటి పరీక్ష. "ఈ పాపను తీసుకపోప్పా. వస్తాది సీటు" అన్నాడు.

హులిగెమ్మ నాయన బొజ్జన్న, అమ్మ సుంకమ్మ. గుంటెడు చేను లేదు, కూలే ఆధారం. ఆ సాయంత్రమే పోయినా. బొజ్జన్న తల వంచుకోని కూర్చున్నాడు. మాట్లాడిందంతా సుంకమ్మే. "సామీ, తుంగభద్ర కాలువ తవ్వేకాడికి పోతాండాము మేము. మేస్త్రీకి మూడు తలకాయలు అని చెప్పేసినా. మా పాపది మూడో తలకాయ. తట్ట మోసే వయసొచ్చింది గదా. నువ్వు చెప్పిన సీటొస్తే రెండు తలకాయలే అని మేస్త్రీ కాళ్ళు పట్టుకుంటా. రాకుంటే తోడుకపోతా. ఇంట్లో ఒక్కదాన్నే యాడ ఇడిసిపెట్టేది?"

"వస్తాది సుంకమ్మా. నాదీ పూచీ" అన్నా. నాదీ పూచీ! ఆ మాటన్న నాలుకను ఏం చెయ్యల్ల?

పది రోజులూ ఆ పాపను వేరుగా కూర్చోబెట్టి చెప్పినా. ఎక్కాలు ఇరవై దాకా. ముప్పావు, అర్ధ, పాతిక. తూకాలు. గాలి బరువు, నీటి ఆవిరి, సూర్యుడు, భూమి. భాగహారం మాత్రం ముట్టలే. అది ఆ పాపకు మంచినీళ్ళు తాగినట్లు వస్తాది గదా, రానివి చూసుకుందాం అనుకున్నా.

పరీక్ష రోజు చీకటి విడవకముందే బయలుదేరినాం. లక్ష్మీదేవమ్మ తన మనుమరాలి పావడ ఒకటి ఇచ్చి, హులిగెమ్మ నొసట బొట్టు పెట్టి, "మొండిగా చెప్పమ్మే, భయపడొద్దు" అనింది. హంద్రీ ఇసుకలో పదిహేడో ఎక్కం చెప్తా నా ముందర నడిచింది. పొద్దెక్కినాక ఇసుక కాలి, నా నీడలోకి వచ్చి నడిచింది. "అయ్యవారూ, కర్నూల్లో బడిలో గింజలు ఉంటాయా, పలకలేనా?" అని అడిగింది. "పుస్తకాలు ఉంటాయి పాపా" అన్నా.

కోడుమూరు బడిలో ఐదుగురు ఆడపిల్లలు వచ్చిండారు. పరీక్ష చేసేటామె పేరు రాహేలమ్మ. కండ్లద్దాలు, తెల్ల చీర, మెత్తని గొంతు. మాట వింటానే మా కడప పక్క మనిషని తెలిసిపోయింది, ఎందుకో ధైర్యమొచ్చింది. ఆమెకు రెండు పక్కలా ఇద్దరు గుమాస్తాలు మార్కులు రాసుకుంటా కూర్చున్నారు. పది ప్రశ్నలు, తలా ఒక మార్కు. "తోడొచ్చినోళ్ళు వెనక బల్ల మీద కూర్చోవచ్చు. నోరు తెరిస్తే మాత్రం ఆ పిల్ల పరీక్ష పోయినట్లే" అని ముందే చెప్పినారు.

హులిగెమ్మ వంతు ఆఖర్న వచ్చింది. అప్పటికి అందరికన్నా ఎక్కువ కోడుమూరు పిల్ల తిరుపతమ్మకు, ఎనిమిది. పదిహేడు ఆరులు అన్నారు, నూటరెండు అనింది. శేరులో ముప్పావు వంతు అన్నారు, చెప్పింది. తడి బట్ట ఎండలో ఎట్లా ఆరుతాది అన్నారు, చెప్పింది. ఏడు ప్రశ్నలు, ఏడు ఒప్పులు. రాహేలమ్మ నవ్వింది. గుమాస్తాలు తలలెత్తి చూసినారు. ఇంక మూడుండాయి. రెండొస్తే చాలు.

రాహేలమ్మ కాగితం చూసి, మళ్ళా ఆ పాపను చూసి, పల్లె పిల్ల గదా, సులువుగా ఉంటాదని అనుకున్నట్లుండాది, ఉత్త అంకెలను గింజలు చేసింది. "పాపా, నూట నలభై నాలుగు శేర్ల జొన్నలుండాయి. సంచికి పన్నెండు శేర్లు పోస్తే ఎన్ని సంచులమ్మా?"

ఆమె దయే మా కొంప ముంచింది. నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"పదకొండు సంచులమ్మా. పన్నెండు శేర్లు మిగులు" అనింది హులిగెమ్మ, గొంతెత్తి, మొండిగా.

"బాగా చూసుకో పాపా."

"పదకొండేమ్మా."

గుమాస్తా ఒక గీత గీసినాడు. "పోనీ, అరవై శేర్లు. సంచికి ఐదు" అనింది రాహేలమ్మ.

"పదకొండు. ఐదు మిగులు."

ఆ పాప నా పక్క చూసింది. ఒప్పు చెప్పినప్పుడల్లా నేను తల ఊపుతాంటి గదా, దానికోసరం చూసింది. నేను తేలు కుట్టిన దొంగ మాదిరి కూర్చున్నా. లేస్తే పరీక్ష పోతాది, లేవకుంటేనూ పోతాండాది. రాహేలమ్మకు అనుమానమొచ్చి, ఆఖరి ప్రశ్నకు గింజలు తీసేసింది. "ఉత్త అంకెలే చెప్తా. ఎనభై ఒకటిని తొమ్మిదితో భాగించు."

దేవుడా, ఇదొక్కటన్నా అనుకున్నా. "ఎనిమిది," అనింది హులిగెమ్మ. "శేషం తొమ్మిది." నేను శేషం అంటే పొలి అని చెప్పింటి గదా. పొలి లేకుండా లెక్క ఎట్లా ముగుస్తాది?

ఏడు మార్కులు. తిరుపతమ్మకు సీటు అని అప్పుడే చదివేసినారు. ఆ పిల్ల అమ్మ, గాజులమ్మే మనిషి, గంప కిందపెట్టి గట్టిగా ఏడ్చేసింది సంతోషంతో.

నేను రాహేలమ్మ కాడికి పోయి చేతులు జోడించి అంతా చెప్పినా. గింజలు, లక్ష్మీదేవమ్మ, పొలి, నేనిచ్చిన మాట. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లు. ఆమె ఓపిగ్గా విని హులిగెమ్మను దగ్గరికి పిలిచింది.

"పాపా, ఆ నూట నలభై నాలుగు శేర్లలో అడుగు గూడా తుడిచేస్తే ఎన్ని సంచులమ్మా?"

"తుడవగూడదమ్మా."

"తుడిచినావనుకో."

"పన్నెండు" అనింది, రెప్ప వెయ్యకుండా.

రాహేలమ్మ కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "తెలివిగల పిల్లే. కానీ మార్కులు రాసేసినారు నాయనా, ముగ్గురం సంతకం పెట్టేసినాము. ఆ తిరుపతమ్మ తప్పేముందని దాని సీటు తీసి ఈ పిల్లకిచ్చేది? దాని అమ్మను చూసినావు గదా."

"వచ్చే ఏడు రమ్మంటారా అమ్మా?"

"పదేండ్లు దాటితే తీసుకోరు. రూలు నేను పెట్టింది కాదు." ఇంక ఆమె చేతిలోనూ ఏమీ లేదు. ఎవురిని తిట్టేది? కోపమొస్తే తిట్టేకి ఒక మనిషన్నా దొరకల్ల గదా. ఆరోజు నాకు నేను తప్ప ఎవురూ దొరకలే.

తిరిగొచ్చేటప్పుడు హంద్రీ నడిమధ్యన ఆ పాప వెనక్కి తిరిగి చూసింది. "అయ్యవారూ, తప్పు యాడ చేసినా?" అనింది.

"నువ్వు చెయ్యలేదు పాపా. నేను చేసినా. కొన్ని లెక్కలు మిగలకుండా సరిపోతాయి. అప్పుడు శేషం సున్న. అది నీకు చెప్పల్ల, చెప్పలే."

ఇసుకలో నిలబడిపోయింది. "తుడిచేయొచ్చా?"

"లెక్కలో తుడిచేయొచ్చు."

"లక్ష్మీదేవమ్మవ్వకు తెలీదా?"

"ఆమెకు తెలిసింది వేరే."

కోపం తెచ్చుకోలే, ఏడవలే. ఏడ్చింటే బాగుండు. "ఇట్లా ముందే చెప్పింటే నేర్చుకుంటాంటి గదా అయ్యవారూ" అనింది, అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తానే ఉండాది.

లక్ష్మీదేవమ్మకు చెప్తే గడప మీద కూలబడింది. "నా పొలి ఆ పిల్ల నోట్లో మన్ను కొట్టిందా అప్పా?" అనింది. "నీ పొలి కాదమ్మా, నా పిరికితనం" అన్నా. "సుంకమ్మను నా కాడ పనికి పెట్టుకుందామన్నా వాన లేదు, చేన్లో పని లేదు" అని తల పట్టుకుంది. నిజమే. ఆ ఏడు ఎవురి చేన్లోనూ పని లేదు.

రెండు రోజులకు నా ఆరు వారాలూ అయిపోయినాయి. ఆ తెల్లారే అయ్యన్న సారు జాబు వచ్చింది, పరీక్షకు ముందు రాసింది. "నీ గింజల పద్ధతి గురించి తోటి లెక్చరర్లకు చెప్పినాను, అందరూ మెచ్చుకున్నారు. నువ్వు పుట్టిందే పంతులు కావడానికి" అని ఉండె దాంట్లో. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకోని, బొజ్జన్న ఇంటికి పోయినా. చెప్పకుండా పోయేకి మొగం చెల్లలే.

వాళ్ళు గూడా బయలుదేరతాండారు. బొజ్జన్న చాపలు, గిన్నెలు మూట కట్టినాడు. గోడకు ఆనించి మూడు తట్టలు. రెండు పెద్దవి, ఒకటి చిన్నది, కొత్తది. సుంకమ్మ నన్ను చూసి ఒక్క మాట అనలే. "రా సామీ, కూచో. పాప కోసరం ఎండలో పడి తిరిగినావు పాపం" అనింది. తిట్టింటే మేలు. నేను కూర్చోలేకపోయినా.

ఇంట్లో జొన్నల కుండ ఒకటి ఉండె, అడుగుకు వచ్చేసింది. దాన్ని చాప మీద వంచి, కాలువ కాడికి తీసుకపోయేకి కొలుస్తాండారు. శేరు హులిగెమ్మ చేతిలో ఉండాది. "లాభం, రెండు, మూడు, నాలుగు." ఆరో శేరు పోసినాక చాప మీద ఇంకొక శేరు దాకా మిగిలింది.

"చాలు ఆపుమే," అనింది సుంకమ్మ. "అది కుండలో ఎయ్. ఇల్లు ఒట్టిది పెట్టిపోగూడదు. వచ్చేదాకా పొలి ఉండల్ల."

హులిగెమ్మ శేరు పట్టుకోని నా పక్క చూసింది. పరీక్షలో చూసినట్లే. తర్వాత రెండు చేతులతో చాపంతా ఊడ్చి గింజలన్నీ శేరులోకి ఎత్తింది. చాప ఎత్తి దులిపింది. కింద రాలిన నాలుగు గింజలు గూడా ఒక్కొక్కటే ఏరి వేసింది. ఏడో శేరు అంచుకు సరిగ్గా నిండింది. దాన్ని మూటలో పోసేసి, ఉత్త కుండను బోర్లించింది.

"ఓసి నీ చేతులిరగ! అడుగు తుడుస్తావా?" అని సుంకమ్మ లేచి వీపు మీద ఒకటేసింది. బొజ్జన్న చూసి మొగం అటు తిప్పుకున్నాడు.

ఆ పాప దెబ్బను పట్టించుకోలే. నా ముందరికి వచ్చి, బడిలో జవాబు చెప్పేటప్పుడు నిలబడినట్లు చేతులు కట్టుకోని నిలబడింది.

"ఏడు శేర్లు అయ్యవారూ. శేషం సున్న. ఇప్పుడు సరిపాయెనా?"

సుంకమ్మ నన్నే చూస్తాండాది. గోడ కాడ చిన్న తట్ట ఉండాది. నేనేమనల్ల? తప్పు అనల్లనా? లెక్క ఒప్పే గదా.

"ఒప్పే పాపా" అన్నా.

ఆరోజుకు మొదటిసారి నవ్వింది. పోయి చిన్న తట్ట తలకెత్తుకుంది.